గేరి, పేట, క్యాంపు: పాతూరి వీధుల మీద పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కర్నూలు పాతబస్తీ గురించి, ఊరు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న కాలం నాటి క్యాంపుల గురించి. ఆదోని, అనంతపురం, కడప వైపు నుంచి కూడా కొన్ని వచ్చాయి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: జైపూర్, హైదరాబాద్ పాతబస్తీ ముందే గీత గీసి కట్టిన ఊళ్లని చదువుకున్నాం. మన కర్నూలు పాతబస్తీకి అట్లాంటి ప్లాన్ ఏమైనా ఉందా? లేక ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టుకుంటూ పోయారా? (బుధవారపేట, కర్నూలు)

కాగితం మీద గడులు గీసి కట్టిన ఊరు కాదు కర్నూలు. అట్లని తోచినట్టు పెరిగిందనడమూ తప్పే. ముందు మీరు చెప్పిన రెండు ఊళ్లూ ఎట్లా కట్టారో చూస్తే తేడా తెలుస్తుంది.

జైపూర్‌ను 1727లో సవాయి జైసింగ్ మొదలుపెట్టాడు. లెక్కలు చూసినవాడు విద్యాధర్ భట్టాచార్య. ఊరిని తొమ్మిది గడులుగా అనుకున్నారు. వాయవ్య మూలన కొండ అడ్డం రావడంతో అక్కడ కుదరని గడిని ఆగ్నేయం వైపు కలిపారు. పెద్ద వీధి వెడల్పు సుమారు 108 అడుగులు, దాని కిందిది 54, ఆ కిందిది 27, సందు పదమూడున్నర. ఒక్కో మెట్టుకూ సగం చొప్పున తగ్గుతుంది. వీధుల వరస దిక్కులకు నేరుగా కాకుండా సుమారు 15 డిగ్రీలు ఒరిగి ఉంటుంది, అక్కడి గుట్ట వాలును బట్టి. హైదరాబాద్‌లో 1591లో చార్మినార్ దగ్గర నాలుగు బాటలు కలిసే కూడలిని ముందు నిలబెట్టారు. గోల్కొండ నుంచి మచిలీపట్నం పోయే వర్తకపు బాట ఆ పక్క నుంచే పోయేది. కూడలికి ఉత్తరంగా నాలుగు కమాన్లు, వాటి నడుమ నీళ్ల హౌజు. ఆ ఊరు కూడలి నుంచి నాలుగు వైపులకూ పెరిగింది.

కర్నూలుకు కొలబద్ద నది. ఒక పక్క తుంగభద్ర, ఇంకో పక్క హంద్రీ, రెండూ కలిసే చోటుకు కాస్త ఎగువన ఎత్తు నేల. పక్కనే నది దాటే రేవు. ఆలంపురం గుడికి రాళ్లు తోలే బండ్లు ఇక్కడ ఆగి ఇరుసులకు కందెన పూసుకుని ఏరు దాటేవని, అందుకే కందనవోలు అనే పేరు వచ్చిందని జనం చెప్పుకుంటారు. కథ నిజమో కాదో పక్కన పెట్టినా, ఊరు రేవును పట్టుకుని పుట్టిందన్న సంగతి అందులో ఉంది. విజయనగర కాలంలో, అచ్యుతరాయల నాటిదని చెప్పే కోట వచ్చింది. నీళ్ల వైపు కాపలాకు నదులు పనికొచ్చాయి, మిగిలిన నేల వైపు గోడ, బురుజులు. ఈ రోజు మనం కొండారెడ్డి బురుజు అనేది ఆ కోటలో మిగిలిన ముక్క. తర్వాత బీజాపూర్ తరఫున అబ్దుల్ వహాబ్ ఖాన్ ఏలాడు. హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్ అనే సమాధి ఆయనది. ఆ తర్వాత పఠాన్ నవాబులు. 1751లో ఫ్రెంచి సేనాని బుస్సీ సేన కోటను పట్టుకుంది. 1839లో ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను తప్పించి ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఊరిని కలుపుకున్నారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వద్దాం. నది రెండు పక్కలా ఉన్నప్పుడు వీధులు ఏ దిక్కుకు పోవాలో వాలు చెబుతుంది. పాతబస్తీలో పొడుగు వీధులు ఎక్కువగా నది వైపు దిగుతాయి, అడ్డ సందులు ఒక మట్టం మీద పోతాయి. వాన పడితే నీళ్లు పొడుగు వీధిలో పడి ఏటికి పోవాలి, అదే అక్కడి ప్లాన్. ఇరుకు సందులు పొరపాటు వల్ల వచ్చినవి కావు: ఎండాకాలం 42, 43 డిగ్రీల వేడిలో ఎనిమిది అడుగుల సందులో రెండు గోడల నీడ రోజులో ఎక్కువ సేపు ఉంటుంది.

తర్వాత వచ్చిన పెద్ద గీత కేసీ (కర్నూలు-కడప) కాలువ. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1860 దశకంలో సుంకేసుల నుంచి కడప దాకా సాగుకూ పడవలకూ కలిపి తవ్వింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. ఊళ్లో హంద్రీ మీదుగా వంతెన కట్టి కాలువను దాటించారు. కాలువ తవ్విన నాటి నుంచి బాటలన్నీ దాని మీది వంతెనల దగ్గరికే గుమిగూడాయి. ఇప్పుడు ట్రాఫిక్ ఆగిపోయే చోట్లు ఏవో మీకు తెలుసు, వాటిలో సగం ఆ వంతెనల మొగలే.

ప్రశ్న: గేరి, పేట, బాగ్ అని పేర్లు ఎందుకు వేరువేరుగా ఉన్నాయి? (వడ్డెగేరి, కర్నూలు)

గేరి కన్నడం మాట, ఒకే పని చేసుకునేవాళ్లు ఉండే వీధి. మీ వడ్డెగేరి రాతిపని, మట్టిపని చేసే వడ్డెలది. పేట అంటే సరుకు అమ్మే చోటు, చాలాసార్లు కోటకు బయట. బుధవారపేట పేరును బట్టి అక్కడ వారపు సంత జరిగి ఉంటుంది. బాగ్ తోట, సంకల్‌బాగ్ అట్లాంటిది. పేరు మారిన వీధిని పాత పేరుతో కూడా రాసిపెట్టుకోండి. పేరు పోతే వీధి ఏ పనికి పుట్టిందో చెప్పే ఆధారం పోయినట్టే.

ప్రశ్న: మేము బి క్యాంపులో ఉంటాం. ఎ, బి, సి అని పేర్లు ఎందుకు పెట్టారు? రాజధాని ఎన్నాళ్లు ఉంది? ఈ క్యాంపులను చారిత్రక ప్రాంతం అనొచ్చా? (ముగ్గురు పాఠకులు, కర్నూలు)

తప్పకుండా అనొచ్చు. కర్నూలులో గీత గీసి, కొలత వేసి, ఒకే పనికోసం ఒక్కసారిగా కట్టిన ప్రాంతం ఏదైనా ఉందంటే అది ఈ క్యాంపులే.

1937 నవంబర్ 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక జరిగింది. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి రాయలసీమకు, ఒకటి కోస్తాకు, ఏది కావాలో కోరుకునే హక్కు సీమకు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు సీమ రాజధానిని కోరుకుంది. నెహ్రూ కర్నూలు వచ్చి ప్రారంభించారు. టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి, నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి, చందూలాల్ త్రివేది గవర్నర్. హైకోర్టు 1954లో గుంటూరులో మొదలైంది. పదకొండు జిల్లాల రాష్ట్రానికి కావలసిన కార్యాలయాలన్నీ ఒక జిల్లా కేంద్రంలోకి దిగాల్సి వచ్చింది.

అప్పటికి కర్నూలులో అంతమందికి చోటు లేదు. చాలా కార్యాలయాలు గుడారాల్లో నడిచాయి. ఉద్యోగుల కోసం పాత ఊరి ఇరుకు దాటి ఖాళీ నేల మీద క్వార్టర్లు వేశారు. వాటికి ఊరి పేర్లు, దేవుళ్ల పేర్లు పెట్టే తీరిక కూడా దొరకలేదు, అక్షరాలు పెట్టారు. క్యాంపు అన్న మాటలోనే తాత్కాలికం అన్న అర్థం ఉంది. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాద్ పోయింది. మొత్తం మూడేళ్ల ఒక నెల. తాత్కాలికం అనుకున్న మూడు అక్షరాలు మాత్రం డెబ్బై ఏళ్లు దాటినా ఊరి నోట్లో అట్లాగే ఉన్నాయి.

క్యాంపును గుర్తుపట్టే లక్షణాలు చూడండి. ఒకే కొలత స్థలాలు వరసగా, ముందూ వెనకా ఖాళీ, నేరుగా పోయే వీధులు, అంతస్తు లేని ఇళ్లు. పాతబస్తీలో గోడకు గోడ ఆనుకుని ఉంటే, ఇక్కడ ప్రతి ఇంటికీ నాలుగు పక్కలా గాలి. పాతబస్తీ నీడను నమ్ముకుంది, క్యాంపు గాలిని నమ్ముకుంది. అందుకే క్యాంపులో ముందు ఖాళీ మీద రేకుల షెడ్డు వేసి, వెనక ఖాళీలో గది కట్టినవాళ్ల ఇల్లు ఎండాకాలం పాతబస్తీ ఇంటికంటే ఎక్కువ ఉడికిపోతుంది: నీడా లేదు, గాలీ లేదు.

ఆ కాలపు క్వార్టర్లు చాలా వరకు శిథిలమయ్యాయి. కూల్చి కొత్తవి కట్టడం తప్పని చోట ఇళ్లు పోయినా వీధి వెడల్పు, చెట్లు, వాననీటి కాలువ గీత ఉంచితే క్యాంపు మిగులుతుంది. వీటిని మార్చి ఒకటి రెండు పాత క్వార్టర్లను బొమ్మల్లా ఉంచితే క్యాంపు మిగలదు. కనీసం ఒక్కో రకం క్వార్టర్‌కు కొలతలు తీసి, నాలుగు వైపులా ఫోటోలు తీసి పెట్టుకోవడం ఇప్పుడే చేయాల్సిన పని. ఒకసారి కూల్చాక ఆ కొలతలు మళ్లీ దొరకవు.

ప్రశ్న: కాలేజీ పిల్లలం ఆరుగురం మా పాత వీధిని కొలిచి పటం గీయాలనుకుంటున్నాం. ఏమేం కావాలి, ఎట్లా మొదలుపెట్టాలి? (ఆదోని)

కావలసినవి: 30 మీటర్ల టేపు, 5 మీటర్ల టేపు, సుద్దముక్కలు, 12 మీటర్ల నైలాన్ తాడు, మేస్త్రీలు వాడే 15 మీటర్ల పారదర్శక గొట్టం, గడుల కాగితం. సెల్‌ఫోన్ మ్యాపు నుంచి ఇంటి గోడ గీతలు తీసుకోకండి, సందుల్లో రెండు మూడు మీటర్లు తప్పు చూపిస్తుంది.

వీధి పొడుగునా ఒక గీత పట్టుకుని, ప్రతి 10 మీటర్లకు సుద్దతో గుర్తు పెట్టండి. ఒక్కో గుర్తు దగ్గర రెండు గోడల మధ్య వెడల్పు కొలవండి. అరుగు, మెట్లు వేరుగా రాయండి, గోడకూ అరుగుకూ తేడా పెట్టకపోతే వీధి ఎంత ఆక్రమించారో తెలియదు. మలుపు లంబంగా ఉందో లేదో చూడాలంటే తాడు మీద 3 మీటర్ల దగ్గర ఒకటి, 7 మీటర్ల దగ్గర ఒకటి ముడి వేసి, రెండు కొసలూ కలిపి 3, 4, 5 మీటర్ల భుజాల త్రికోణం పెట్టండి. 3, 4 కలిసే మూల లంబకోణం. వీధి మూల ఆ గీతకు పడితే ఎవరో కొలిచి వేసిన వీధి, పడకపోతే బాటగా మొదలై ఇళ్లు వచ్చి చేరిన వీధి.

వాలు కోసం గొట్టంలో నీళ్లు నింపి, రెండు చివర్లూ రెండు గుర్తుల దగ్గర నిలబెట్టి నీటిమట్టం నుంచి నేలదాకా కొలవండి. రెండు కొలతల తేడానే ఆ పది మీటర్లలో వాలు. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా కొలత తప్పుతుంది, ముందు వేలితో తట్టి బుడగలు పోగొట్టండి. ఆఖరుగా ఒక్కో ఇంటి గడప వీధి కంటే ఎంత ఎత్తులో ఉందో, ఎంత పల్లంలో ఉందో రాయండి. ఈ చివరి కొలత అందరూ వదిలేస్తారు. వీధి ఆరోగ్యం మొత్తం అందులోనే ఉంది. కారణం కింద రెండో జవాబులో చెప్పాం.

ప్రశ్న: మా అవ్వ కాలం నాటి మట్టి మిద్దె. ప్రతి వానకూ కారుతాంది. ఒకరు ప్లాస్టిక్ పట్ట పరచమంటారు, ఒకరు పైన సిమెంటు పోయమంటారు. ఏది చేయాలి? (కర్నూలు పాతబస్తీ, ఇదే ప్రశ్న ప్రొద్దుటూరు నుంచి ఒకరు)

రెండూ చేయకండి. పట్ట వేస్తే కింది నుంచి లేచే ఆవిరి పట్ట కింద చేరి దంతెలు (దూలాల మీద అడ్డంగా పరిచే కర్రలు) మెత్తబడతాయి, పైకి పొడిగా కనిపిస్తూ లోపల పుచ్చుతుంది. సిమెంటు పోస్తే దూలం కొంచెం వంగినా అది పగులుతుంది, పగులులోంచి పోయిన నీళ్లు మళ్లీ బయటికి రావు.

మిద్దె అంటే దూలాలు, వాటి మీద దంతెలు, దంతెల మీద కట్టెలో బండలో, పైన ఆకు లేక గడ్డి, ఆ పైన మట్టి, అన్నిటికీ పైన చౌడు. నీళ్లను ఆపేది చౌడే. చౌడులో సోడియం ఉంటుంది. తడిసినప్పుడు బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, రంధ్రాలు మూసుకుపోతాయి. పొలానికి పనికిరాని నేల మిద్దెకు పనికొచ్చేది ఇందుకే. మీరు తెచ్చే మట్టి చౌడో కాదో పరీక్షించండి: గ్లాసులో వాననీళ్లు లేక ఆర్వో నీళ్లు పోసి, గోరంత పెళ్ల వేయండి, కదపకండి. చౌడైతే పెళ్ల చుట్టూ పాలలాంటి మబ్బు లేచి మరుసటి రోజుకు కూడా తేరుకోదు. విడిపోయి అడుగున చేరి నీళ్లు తేటగా మిగిలితే అది మామూలు మట్టి. బోరునీళ్లతో ఈ పరీక్ష చేయొద్దు, అందులోని సున్నం వల్ల మంచి చౌడు కూడా త్వరగా అడుగుకు దిగుతుంది.

పని ఎండాకాలంలో, రోహిణి కార్తె లోపల ముగించాలి. మొదట కింది నుంచి చూడండి. దంతెల్లో నల్ల మచ్చ ఉన్నచోట స్క్రూడ్రైవర్ గుచ్చండి, సులువుగా అంగుళం దిగితే ఆ దంతె మార్చాలి. గోడ మీద చెదల మట్టిగీతలు ఉంటే ముందు వాటి సంగతి చూడాలి. దూలం పుచ్చి ఉంటే మిద్దె మీదికి ఎవరినీ ఎక్కించొద్దు, ముందు కింద కర్రలు పెట్టి ఆనించాలి.

తర్వాత పైన నాలుగు చోట్ల సన్న ఇనుప కడ్డీ గుచ్చి మట్టి మందం చూడండి. ప్రతి ఏడూ పాతది గీకకుండా కొత్త చౌడు వేస్తూ పోతే మందం పెరుగుతుంది, ఇదే పెద్ద ప్రమాదం. పన్నెండు అడుగులు, పది అడుగుల గది మీద ఒక్క అంగుళం మట్టి దాదాపు అర టన్ను బరువు. అయిదంగుళాలు ఎక్కువైతే రెండున్నర టన్నులు, తడిస్తే ఇంకా ఎక్కువ. కారుతుందని ఇంకో పొర వేయడం, ఆ బరువుకు దూలం వంగడం, వంగిన చోట నీళ్లు నిలవడం, మళ్లీ కారడం. మొత్తం తొమ్మిది అంగుళాలు దాటితే గీకేయండి. గీకిన మట్టిని మిద్దె మీద ఒకే చోట కుప్ప వేయకుండా వెంటనే కిందికి దించండి.

రావి, మర్రి మొక్కలు ఉంటే వేరుతో సహా తీయాలి, తుంచితే మళ్లీ చిగురిస్తాయి. మట్టి, తరిగిన వరిగడ్డి కలిపి కనీసం మూడు రోజులు నాననిచ్చి తొక్కాలి. రెండంగుళాల పొర పరిచి దిమ్మిసతో కొట్టాలి. వాలు పది అడుగులకు మూడంగుళాలు. పొర బాగా ఆరాక పగుళ్లలోకి పలచని మట్టి పోసి మూసి, ఆ పైన జల్లెడ పట్టిన చౌడు ఒక అంగుళం చల్లి, నీళ్లు చిలకరించి మళ్లీ దిమ్మిస వేయాలి. మొదటి జల్లు పడి ఆగాక ఎక్కి ఒకసారి మెల్లగా తొక్కితే ఇంకా బాగా సర్దుకుంటుంది.

ఇంత చేసినా కారితే రెండు చోట్లు వెతకండి. ఒకటి గవాచి (వెలుతురు కోసం మిద్దెకు పెట్టే కంత) చుట్టూ. దాని కంఠం మట్టి మీద కనీసం ఆరంగుళాలు లేచి ఉండాలి, ఏళ్ల తరబడి వేసిన చౌడు దాన్ని ముంచేసి ఉంటుంది. రెండోది దోనె. నీళ్లు పోయే దోనె గోడ నుంచి అడుగున్నర బయటికి రావాలి, లేకపోతే నీళ్లు గోడ వెంబడే జారి పునాది తడుస్తుంది. కాకి గూడు పుల్ల ఒకటి దోనెకు అడ్డం పడినా మిద్దె మీద చెరువు కడుతుంది.

ప్రశ్న: 2009 వరదలో మా ఇల్లు మునిగింది. తర్వాత గోడలకు సిమెంటు పూత వేయించాం. మూడడుగుల ఎత్తు దాకా పూత ఉబ్బి రాలుతోంది, తెల్లటి పొడి వస్తోంది. రెండుసార్లు మళ్లీ పూశాం, అదే తంతు. (కర్నూలు)

మీ గోడ రాయి, మట్టి అడుసు కలిపి కట్టింది. అది తడి పీల్చి, గాలికి వదులుతూ బతుకుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసేసింది. తడి పైకి ఎక్కి, పూత బలహీనంగా ఉన్నచోట బయటపడుతుంది. అప్పుడు నీళ్లు ఆవిరై ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గట్టిపడుతూ పూతను తోస్తుంది. తెల్లపొడి అదే.

2009 అక్టోబర్ 2న వచ్చిన వరద మామూలుది కాదు. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చాయి, జలాశయం నిండు మట్టం 885 అడుగులు దాటిపోయింది. ఎగువ నుంచి తుంగభద్ర, హంద్రీ వస్తుంటే కింద జలాశయం నిండి ఉంది. నీళ్లకు పోయే దారి లేక పాతబస్తీలో నిలిచాయి. అయితే మీ గోడను ఇప్పటికీ తడుపుతున్నది ఆనాటి వరద కాదు, పదిహేనేళ్లకు పైగా గడిచాయి. వీధి ఎత్తును చూడండి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదనే కొత్త సిమెంటు రోడ్డు వేస్తే ఒక్కోసారి ఆరంగుళాలు పెరుగుతుంది. మూడుసార్లు వేస్తే అడుగున్నర. అప్పటిదాకా వీధికి రెండడుగుల ఎత్తున ఉన్న గడప దాదాపు మట్టానికి వస్తుంది, వీధి నీళ్లు మీ పునాది పక్కన ఆగుతాయి. పాతూళ్లను వరదలకంటే ఎక్కువ పాడు చేసేది ఇదే. కొత్త రోడ్డు పని మొదలయ్యేటప్పుడు పాత పొర తవ్వి తీశాకే వేయాలని వీధివాళ్లంతా కలిసి రాతపూర్వకంగా అడగండి. గడపల ఎత్తు కొలతలు జత చేస్తే మాటకు బలం ఉంటుంది.

గోడకు చేయాల్సింది ఇది. తడి గీతకు ఒక అడుగు పైదాకా సిమెంటు పూత మొత్తం కొట్టేయండి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపండి, నీళ్లతో కడిగితే ఉప్పు తిరిగి లోపలికి పోతుంది. ఒక ఎండాకాలం ఖాళీగా వదిలేయండి. ఈ ఓపిక లేకనే చాలామంది రెండోసారి కూడా ఓడిపోతారు. తర్వాత రాళ్ల సందులు అంగుళం లోతు గీకి, డంగు సున్నం పూయించండి. కాల్చిన సున్నం ఒక వారమైనా నీళ్లలో నాని మురగాలి. ఒక పాలు సున్నం, ఒక పాలు ఇటుక పొడి, రెండు పాళ్లు ఉప్పులేని ఏటి ఇసుక, కలిపి గానుగలో ఆడించాలి. పొర అర అంగుళం లోపు, రెండు పొరలు, మొదటిది గట్టిపడ్డాకే రెండోది. తడి గోనెపట్టాలు కప్పి రెండు వారాలు ఆరకుండా చూడాలి. మే నెల మధ్యాహ్నం పూస్తే సున్నం గట్టిపడకముందే నీళ్లు లాగేసుకుని పొడిగా రాలుతుంది. పైన ప్లాస్టిక్ పెయింట్ వద్దు, వెల్ల వేయండి.

ప్రశ్న: మా ఇల్లు కొండారెడ్డి బురుజుకు దగ్గర. మున్సిపల్ అనుమతి ఉంది, పని ఆపమన్నారు. ఎందుకు? (కర్నూలు)

బురుజు కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల దాకా కొత్త కట్టడం నిషేధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు, అంటే హద్దు నుంచి మొత్తం 300 మీటర్ల దాకా, అనుమతితో మాత్రమే. దూరం బురుజు గోడ నుంచి కాదు, రక్షిత హద్దు నుంచి లెక్కిస్తారు. చాలామంది ఇక్కడే పొరబడతారు. మున్సిపల్ అనుమతి ఒక్కటే చాలదు. నిషేధిత హద్దులో మీ ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచే ఉంటే మరమ్మతుకు దరఖాస్తు చేసుకోవచ్చు. అందుకు ఇల్లు అప్పటికే ఉందని చూపే పాత పన్ను రసీదులు, దస్తావేజు, ఇప్పటి ఫోటోలు, రక్షిత హద్దు నుంచి దూరం చూపే పటం ముందే సిద్ధం చేసుకోండి. మరమ్మతు అని రాసి అంతస్తు పెంచితే అది కొత్త కట్టడంగానే లెక్క.

ప్రశ్న: సీమలో ఊరికి ముందు ప్లాన్ అనేది కోటతో మొదలైందా, గుడితోనా? (పోరుమామిళ్ల)

మీ ఊళ్లోనే జవాబు ఉంది: చెరువుతో. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు ఆ చెరువు కట్టించాడు. వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. అంతకంటే విలువైనది, మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు వరసగా చెప్పడం. నీటిశాస్త్రం తెలిసిన మనిషి, గట్టి నేల, ఆనుకునే కొండ, పొడుగు రాళ్లు దొరికే గని, చేయి తిరిగిన పనివాళ్లు, ఇవి అంగాల్లో కొన్ని. దోషాల్లో కట్ట ఊరడం, చౌటి నేల, రెండు రాజ్యాల హద్దు మీద ఉండటం, చెరువు నడుమ తాబేలు వీపులా నేల లేవడం, నీళ్లు తక్కువై పారే భూమి ఎక్కువ కావడం, భూమి తక్కువై నీళ్లు ఎక్కువ కావడం. మిద్దె మీద వరమైన చౌడు చెరువులో దోషం కావడం గమనించండి. మట్టి అదే, అది ఏ పనికి వాడుతున్నామన్నదే తేడా.

అనంతపురం కూడా అంతే. 1364లో పండమేరు మీద చిక్క వొడయరు చెరువు కట్ట వేశాడు. కట్టకు ఒక చివర బుక్కరాయసముద్రం, ఇంకో చివర అనంతసాగరం వెలిశాయి. ఆ రెండో ఊరే పెరిగి నేటి అనంతపురం అయింది.

ప్రశ్న: పాత ఇంటి బేతంచర్ల బండలు మసకబారాయి. బాత్‌రూం యాసిడ్‌తో కడిగితే ఇంకా పాడయ్యాయి. (కడప)

బేతంచర్ల బండ, కడప బండ రెండూ సున్నపురాయి. యాసిడ్, నిమ్మకాయ, చింతపండు, వెనిగర్ ఏది తగిలినా పైపొర కరిగి గరుకవుతుంది. కరిగిన మెరుపు తుడిస్తే రాదు, మిషన్‌తో మళ్లీ నున్న చేయించాలి. ఆ తర్వాత మామూలు నీళ్లు, కొంచెం సబ్బు చాలు. సందుల్లో సిమెంటు రాలిపోయి ఉంటే నున్న చేయించే ముందే నింపించండి, తర్వాత నింపితే సిమెంటు మరక బండల మీద పడుతుంది.